గది దొరికితేనే చదువు దక్కే ఆరు నెలలు

(కర్నూలులో జరిగిన డిగ్రీ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఈ రోజు మాట్లాడుకోబోయే విషయం చూడడానికి చిన్నదిగా కనబడుతుంది. డిగ్రీ చదివే మన పిల్లలు ఇంటర్న్‌షిప్ పేరిట ఒక సెమిస్టర్ కాలం హైదరాబాదు వంటి మహానగరంలో ఉండి పని నేర్చుకోవలసి వస్తున్నది. వారు అక్కడ ఎక్కడ ఉండాలి, ఏమి తినాలి, ఎవరి అండతో ఉండాలి అన్నదే ప్రశ్న. పిల్లల చదువు ముందుకు సాగడమో, మధ్యలో నిలిచిపోవడమో ఈ చిన్న ప్రశ్న దగ్గరే తేలిపోతున్నదని మేము గమనించాము. కనుకనే ఈ సమావేశం ఏర్పాటు చేశాము.

ముందుగా, ఈ ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ పాఠ్య ప్రణాళిక మారింది. తరగతి గది చదువుతో పాటు మొత్తం 10 నెలల పని అనుభవం అందులో భాగమయింది. మొదటి సంవత్సరం ముగిశాక 2 నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం ముగిశాక 2 నెలల వేసవి ఇంటర్న్‌షిప్, చివరి సంవత్సరంలో ఒక పూర్తి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. మొదటి రెండూ సాధారణంగా ఉన్న ఊరిలోనో, పక్క ఊరిలోనో గడిచిపోతాయి. మూడవది అలా కాదు. బి.కాం. కంప్యూటర్స్ చదివిన బిడ్డకైనా, బి.ఎస్సీ. చదివిన బిడ్డకైనా తన చదువుకు తగిన పని నేర్పగల సంస్థలు చిన్న పట్టణాలలో తక్కువ. హైదరాబాదు మనకు 210 కిలోమీటర్లకు అటూఇటూ దూరం. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే దూరం కాదు. అక్కడ ఉండి తీరాలి.

మేము నలుగురైదుగురం ఉద్యోగ విరమణ చేసినవారం. సాయంత్రం వేళల్లో కూర్చుని పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు, బి.సి.-ఇ ధ్రువపత్రాల పనులలో సాయపడుతూ ఉంటాము. ఇదివరకు మా దగ్గరకు వచ్చే పిల్లలు "చాచా, ఈ ఫారం ఎట్లా నింపాలి?" అని అడిగేవారు. ఈ మధ్య కాలంలో అడిగే ప్రశ్న వేరు. "చాచా, హైదరాబాదులో మనవాళ్లు ఎవరన్నా ఉన్నారా? ఆరు నెలలు ఉండేదానికి చోటు దొరుకుతాదా?" అంటున్నారు. చోటు దొరికిన వారు వెళుతున్నారు. దొరకనివారిలో కొందరు ఊళ్లోనే ఏదో ఒక దుకాణం పేరు మీద సర్టిఫికెట్టు సంపాదించి కళాశాలలో ఇస్తున్నారు. కొన్నిచోట్ల ఆ సర్టిఫికెట్టు డబ్బుకు కూడా దొరుకుతున్నది. ఈ మాట బహిరంగంగా చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు. కాని చెప్పక తప్పదు.

మేము ముప్పై ఏళ్లకు పైగా కాగితాల మధ్య కొలువు చేసినవారం. కాగితం విలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాకు తెలుసు. చేయని పనికి తీసుకున్న ధ్రువపత్రం ఫైలులో ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలో "ఆరు నెలలు ఏమి చేశావు బాబూ?" అని అడిగిన మొదటి ప్రశ్నకే అది తేలిపోతుంది. అది అబద్ధపు సాక్ష్యమన్న సంగతి ధర్మం తెలిసిన మీకు మేము చెప్పనవసరం లేదు. దానికంటే పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఇతర కుటుంబాల పిల్లలు ఆ ఆరు నెలలలో పని నేర్చుకుని, నలుగురితో పరిచయాలు పెంచుకుని, అదే సంస్థలో ఉద్యోగానికి దారి వేసుకుంటున్నారు. మన బిడ్డ చేతిలో మార్కులు మాత్రం మిగులుతున్నాయి.

ఈ నష్టం మనకు ఎందుకు ఎక్కువగా తగులుతుందో ఆలోచించండి. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక దేశంలో ముస్లింలలో పట్టభద్రుల శాతం ఎంత తక్కువో లెక్కలతో చూపింది. ఆ మరుసటి సంవత్సరం, 2007లో, సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే రకమైన అర్హతలతో, కేవలం పేర్లు మార్చి, ప్రైవేటు సంస్థల ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రవర్ణ హిందూ పేరున్న దరఖాస్తుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతు మాత్రమే ఉన్నట్లు తేలింది. అంటే మన పిల్లల దరఖాస్తు కాగితం పేరు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. ఇంటర్న్‌షిప్‌లో ఆ అడ్డు కొంత తొలగుతుంది. ఆరు నెలలు కళ్లెదుట పనిచేసిన బిడ్డను పేరును బట్టి కాక పనిని బట్టి చూసే అవకాశం అక్కడ కలుగుతుంది. కాబట్టి ఈ సెమిస్టర్ ఇతరులకు ఎంత అవసరమో మన పిల్లలకు అంతకంటే ఎక్కువ అవసరం. దానిని మనం చేజేతులా వదులుకోరాదు.

మరి అడ్డుపడుతున్నది ఏమిటి? మేము చూసినంతలో మూడు సంగతులు: మొదటి నెల డబ్బు, అద్దె గది, ఆడపిల్లల విషయంలో భయం. ఒక్కొక్కటి తీసుకుందాము.

మొదటిది డబ్బు. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతాలలో నలుగురు కలిసి ఉండే హాస్టలు గదికి భోజనంతో కలిపి నెలకు సుమారు ఆరేడు వేల రూపాయలు అవుతున్నది. చేరే రోజున అడ్వాన్సు కట్టాలి. రానుపోను ఖర్చు, ఆఫీసుకు తగిన రెండు జతల బట్టలు, చెప్పులు, ఫోను రీచార్జి కలిపితే మొదటి నెలలోనే పన్నెండు నుంచి పదిహేను వేల రూపాయలు చేతిలో ఉండాలి. స్టైపెండ్ ఇచ్చే సంస్థ అయినా నెల పూర్తయ్యాకే ఇస్తుంది. చాలా సంస్థలు అసలే ఇవ్వవు. అప్రెంటిస్‌గా ఒప్పందం నమోదైతే 1961 నాటి అప్రెంటిస్ చట్టం, దాని నియమావళి ప్రకారం కనీస స్టైపెండ్ ఇవ్వవలసి ఉంటుంది. మామూలు ఇంటర్న్‌కు అటువంటి రక్షణ లేదు. పంక్చర్ షాపు నడిపే తండ్రికో, బట్టలు కుట్టే తల్లికో ఆరు నెలల ఖర్చు కంటే ఈ మొదటి నెల మొత్తమే కొండలాగా కనబడుతుంది. నెలనెలా మూడు నాలుగు వేలు ఎట్లాగో పంపగలరు. ఒక్కసారిగా పదిహేను వేలు తేవాలంటే వడ్డీకి తేవాలి. వద్దనుకుని ఊరుకుంటున్నారు. అది చదువు మీద అశ్రద్ధ అని ఎవరూ నిందించవద్దు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రారంభించింది. నెలకు 5,000 రూపాయల భృతి, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలు ఇస్తామన్నది. చాలామంది తల్లిదండ్రులు ఆ డబ్బు తమ బిడ్డకు కూడా వస్తుందని ఎదురు చూస్తున్నారు. ఆ పథకాన్ని 2024లో ప్రారంభించినప్పుడు పూర్తికాల విద్యలో లేని 21 నుంచి 24 సంవత్సరాల యువతకు ఉద్దేశించారు. ఆనాటి నిబంధనల ప్రకారం కళాశాలలో చదువుతూ సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలకు అది వర్తించలేదు. డిగ్రీ పూర్తయిన తరువాత అర్హత చూసుకుని దరఖాస్తు చేయవచ్చు.

రెండవది గది. ఈ విషయం మాట్లాడటం బాధాకరం. ఒక అబ్బాయి ఫోనులో అద్దె మాట్లాడుకున్నాడు. తేదీ కూడా ఖాయమయింది. ఆఖరున ఇంటివారు "పేరేమిటి బాబూ?" అన్నారు. చెప్పాడు. కాసేపు ఆగి, "మా చుట్టాలబ్బాయి వస్తానన్నాడు, మళ్లీ చెబుతాము" అన్నారు. ఆ మళ్లీ రాలేదు. మరొక చోట "మాంసం వండకూడదు" అన్నారు. వండము అని ఒప్పుకున్నా ఇవ్వలేదు. ముస్లింలకు ఇల్లు అద్దెకు తీసుకోవడంలో, కొనడంలో ఎదురయ్యే ఇబ్బందులను సచార్ కమిటీ సైతం నమోదు చేసింది. అంటే ఇది ఏ ఒక్క అబ్బాయి దురదృష్టమో కాదు.

దీనిపై చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15వ అధికరణం మతం ప్రాతిపదికన వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని శాసిస్తుంది. అదే అధికరణం రెండవ క్లాజు దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ల వంటి చోట్ల ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదంటుంది. ఒక వ్యక్తి తన సొంత ఇంటిని ఎవరికి అద్దెకివ్వాలి అన్నదానిని మాత్రం అది ముట్టుకోలేదు. 2005లో సుప్రీంకోర్టు జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, ఒక సహకార గృహ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకోవచ్చునని తీర్పు చెప్పింది. ప్రైవేటు అద్దె విషయంలో మతవివక్షను నేరుగా నిషేధించే కేంద్ర చట్టం లేదు. అటువంటి చట్టం కావాలని అడగడం మన హక్కు, మన కర్తవ్యం. అయితే ఆ చట్టం వచ్చేదాకా సెమిస్టర్ ఆగదు కదా!

అందుకని పిల్లలకు మేము చెప్పేది ఇది. పేరు దాచవద్దు. మొదటి మాటలోనే పేరు చెప్పండి. ఇవ్వనివారు అప్పుడే వద్దంటారు, మీ సమయం మిగులుతుంది. కాదన్నవారితో వాదానికి దిగవద్దు. విడి గదుల కోసం తిరిగే బదులు మొదటి నెలకు హాస్టలు చూసుకోండి. విద్యార్థుల మీదే నడిచే హాస్టళ్లలో ఎక్కువ చోట్ల ఆధారు కార్డు, అడ్వాన్సు అడుగుతారు తప్ప మతం గురించి పట్టించుకోరు. కళాశాల ఇచ్చిన లేఖ, సంస్థ ఇచ్చిన లేఖ వెంట ఉంచుకోండి. తోటి విద్యార్థులతో కలిసి గది తీసుకోండి, వారు ఏ మతం వారైనా సరే. మన పిల్లలను సొంత బిడ్డల వలె చూసుకున్న హిందూ, క్రైస్తవ కుటుంబాలు ఎన్నో మాకు తెలుసు. నలుగురు కాదన్నారని నలభై మందిని అనుమానించడం న్యాయం కాదు.

తల్లిదండ్రులకు మరొక మాట. బిడ్డ పట్నం వెళుతున్నాడనగానే మనకు పాతబస్తీలోని బంధువులు గుర్తుకు వస్తారు. మనవాళ్ల మధ్య ఉంటాడన్న ధైర్యం మంచిదే. కాని దూరం లెక్క వేయండి. కొత్త ఆఫీసులు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. మెట్రో రైలు పాతబస్తీ వైపు ఎం.జి.బి.ఎస్. వద్దే ఆగిపోయింది, ఫలక్‌నుమా దాకా సాగలేదు. చార్మినార్ దాటి లోపల ఉండే ఇంటి నుంచి గచ్చిబౌలి వెళ్లి రావాలంటే రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి. నెల తిరగకముందే బిడ్డ అలసిపోతాడు. మనవాళ్లు ఉండాలి, పనికీ దగ్గర కావాలి అనుకుంటే మెహదీపట్నం, టోలీచౌకీ, షేక్‌పేట ప్రాంతాలు చూడండి. అక్కడి నుంచి గచ్చిబౌలి వైపు బస్సులు ఉంటాయి. సెలవు రోజున పాతబస్తీ బంధువులను చూసి రావచ్చు.

మూడవది ఆడపిల్లల విషయం. ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న తల్లులకు ఈ మాటలు ప్రత్యేకంగా విన్నవించుకుంటున్నాము. మార్కులలో మన ఆడపిల్లలు ముందుంటున్నారు. ఇంటర్న్‌షిప్ సమయానికి వెనుకబడుతున్నారు. "అబ్బాయి అయితే ఎట్లాగో ఉంటాడు భాయ్ సాబ్, ఆడపిల్లను ఎట్లా పంపేది?" అని అడుగుతారు. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. అది ప్రేమలో నుంచి పుట్టిన భయం. కాని భయానికి రెండు మందులు ఉన్నాయి. ఒకటి వద్దనడం. రెండవది వెళ్లి చూడడం. రెండవదే ముందు చేయమని మేము కోరుతున్నాము. తల్లి గాని, తండ్రి గాని ఒక రోజు బిడ్డతో పాటు బస్సెక్కి హాస్టలు చూడండి. ఆఫీసు చూడండి. ఆఫీసు నుంచి హాస్టలుకు సాయంత్రం చీకటిపడే వేళ ఒకసారి నడిచి చూడండి. హాస్టలు నడిపే ఆమెతో మాట్లాడండి. ఆ తరువాత నిర్ణయించండి.

చట్టం కూడా ఇక్కడ తోడుంటుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం జీతం తీసుకునే ఉద్యోగినులకు మాత్రమే కాదు, శిక్షణ పొందేవారికి, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. "మీ సంస్థలో అంతర్గత కమిటీ సభ్యులెవరు?" అని మొదటి రోజే అడగడం తప్పు కాదు. బురఖా, హిజాబ్ విషయం, నమాజుకు పది నిమిషాల వెసులుబాటు విషయం చేరకముందే అడిగి తెలుసుకోవాలి. సెమిస్టర్‌లో రంజాన్ వచ్చినట్లయితే సహరీకి హాస్టలులో ఏర్పాటు ఉంటుందా అని కూడా అడగండి. ముందుగా మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఏదో ఒక దారి దొరుకుతుంది. చేరిన తరువాత గొడవ పడితే బిడ్డే నలిగిపోతుంది.

ఖర్చు విషయంలో ఒక చిన్న సూచన. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణం ఉన్నది. అది తెలంగాణ నివాసులకు మాత్రమే. మన ఆంధ్ర చిరునామా ఉన్న ఆధారు కార్డు చూపితే అక్కడ చెల్లదు. కాబట్టి బస్సు ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

కాగితాల మాట చెప్పకుండా ముగిస్తే మేము గుమాస్తాలమే కాము. సంస్థ నుంచి తీసుకునే లేఖలో నాలుగు అంశాలు రాతపూర్వకంగా ఉండాలి: మొదటి తేదీ, చివరి తేదీ, పర్యవేక్షించే అధికారి పేరు, స్టైపెండ్ ఎంత లేక లేదా. "మీరే మాకు శిక్షణ రుసుము కట్టండి" అనే సంస్థ విషయంలో పదిసార్లు ఆలోచించండి. పని నేర్పుతామన్న పేరుతో డబ్బు తీసుకుని సర్టిఫికెట్టు చేతిలో పెట్టేవారు అందులో ఉంటారు. లాగ్‌బుక్‌ను ప్రతిరోజూ రాయండి. ఆఖరి వారంలో కూర్చుని ఆరు నెలలూ ఒకే పెన్నుతో రాస్తే చూసేవారికి తెలిసిపోతుంది. ఆఖరి రోజుకు పది రోజుల ముందే సర్టిఫికెట్టు అడగండి. ఆధారు, మార్కుల జాబితాల జిరాక్సులు ఇవ్వండి, అసలు ప్రతులు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు.

ఇప్పటివరకు పిల్లలు, తల్లిదండ్రులు చేయవలసినవి చెప్పాము. ఇక సంఘంగా మనం చేయవలసినవి నాలుగు ఉన్నాయి.

ఒకటి, ఒక రిజిస్టరు. హైదరాబాదులో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన ప్రతి విద్యార్థి తాను ఉన్న హాస్టలు, అద్దె, భోజనం ఎట్లా ఉన్నది, ఆఫీసుకు ఎంత దూరం, మర్యాదగా చూశారా లేదా అన్నది ఒక పేజీ రాసి ఇవ్వాలి. వచ్చే సంవత్సరం వెళ్లేవారికి అంతకు మించిన మార్గదర్శి లేదు. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండు, ఖర్జె హసనా. వడ్డీ లేని చేబదులు. ఒక్కొక్క విద్యార్థికి అడ్వాన్సుకు, మొదటి నెలకు సరిపడేంత ఇచ్చి, సెమిస్టర్ ముగిశాక అడ్వాన్సు తిరిగి రాగానే కొంత, ఉద్యోగం వచ్చాక మిగతాది తీసుకోవచ్చు. ఒకసారి పోగైన నిధి తరువాతి పిల్లలకు మళ్లీ మళ్లీ ఉపయోగపడుతుంది. అత్యంత నిరుపేద విద్యార్థికి జకాత్ నుంచి ఇవ్వవచ్చునా అన్నది ఉలమాలను అడిగి, వారు చెప్పిన ప్రకారం చేద్దాము.

మూడు, అక్కడ ఒక పెద్ద దిక్కు. మన ఊరి నుంచి వెళ్లి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబాలు అనేకం. ఒక్కొక్క కుటుంబం ఇద్దరు ముగ్గురు పిల్లలకు సంరక్షకులుగా ఉండడానికి ఒప్పుకోవాలి. ఇంట్లో చోటివ్వనవసరం లేదు. వారానికి ఒక ఫోను, నెలకు ఒక పూట భోజనం, జ్వరమొస్తే ఆసుపత్రికి తోడు. మక్కా నుంచి వలస వచ్చినవారిని మదీనావాసులు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని సోదరులుగా స్వీకరించిన చరిత్ర మనది. ఆ వలసవాసులలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ తనకు సోదరుడు ఇవ్వజూపిన ఆస్తిని కృతజ్ఞతతో వద్దని, బజారుకు దారి చూపమని అడిగారు. మన పిల్లలు అడుగుతున్నదీ అదే. దారి చూపమంటున్నారు.

నాలుగు, ప్రభుత్వాన్ని అడగడం. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ పాఠ్య ప్రణాళికలో భాగమైనప్పుడు, ఊరు వదిలి వెళ్లే పేద విద్యార్థికి ఆ కాలానికి వసతి భృతి ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఉద్యోగినుల కోసం కేంద్ర సహాయంతో నడిచే హాస్టళ్ల పథకంలో శిక్షణ పొందే మహిళలకు కూడా కొన్ని స్థానాలు కేటాయించే వీలున్నది. ఆ స్థానాలు మన ఆడపిల్లలకు అందుతున్నాయా? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజులలో జవాబివ్వాలి. ఎంతమంది విద్యార్థులు ఊరు దాటి వెళ్లారు, ఎంతమంది స్థానికంగా పూర్తి చేశారు అన్నది ప్రభుత్వ కళాశాలలను అదే చట్టం కింద అడుగుదాము. ఆ లెక్క చేతికి వచ్చాక వినతిపత్రం రాద్దాము. లెక్క లేని వినతిపత్రం బల్ల మీద ఎంత కాలం పడి ఉంటుందో మాకు బాగా తెలుసు.

సోదర సోదరీమణులారా, ఈ ఊరిలో ఉస్మానియా కళాశాల 1947లో వెలిసింది. దేశం అల్లకల్లోలంగా ఉన్న ఆ సంవత్సరంలో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ పిల్లల చదువు కోసం ఒక కళాశాలనే నిలబెట్టారు. ఆయన పేరిట నేడు ఈ నగరంలో విశ్వవిద్యాలయం కూడా ఉన్నది. ఆ తరం పెద్దలు మనకు కళాశాలలు ఇచ్చి వెళ్లారు. మన తరం నుంచి కాలం కోరుతున్నది ఆరు నెలల పాటు ఒక మంచం, ఒక అలమర, ఒక పలకరింపు.

బయట ద్వారం దగ్గర రెండు పుస్తకాలు ఉంచాము. మొదటి దానిలో వచ్చే సెమిస్టర్‌కు వెళ్లవలసిన పిల్లలు పేరు, కోర్సు, వెళ్లదలచిన చోటు రాయండి. రెండవ దానిలో చేబదులు నిధికి ఇవ్వగలవారు, హైదరాబాదులో బంధువుల ఫోను నంబరు ఇవ్వగలవారు రాయండి. ఆడపిల్లల పేర్లు కూడా మొదటి పుస్తకంలో ఉండాలని మా ప్రత్యేక మనవి. పేరు రాసినంత మాత్రాన పంపాలని నిర్బంధం లేదు. పేరు ఉంటే హాస్టలు చూడడానికి మా ఇళ్లలోని ఆడవాళ్లు కూడా మీతో బయలుదేరతారు.

అల్లాహ్ మన పిల్లల ప్రయాణాలను క్షేమంగా, ఫలవంతంగా చేయుగాక.